టొలేడో గోడల మీది అక్షరాలు

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వండి అని మన సభ కార్యదర్శి గారు అడిగినప్పుడు, మన పెద్దలు ఓడలెక్కి నేటాలుకు వచ్చిన కథే వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. ఆ కథ ఇంచుమించు ప్రతి సంచికలోను వస్తూనే ఉన్నది. దానిని నాకంటె బాగా వ్రాయగలవారు మనలో ఉన్నారు. నేను ముప్ఫై నాలుగు సంవత్సరాలు బడిలో చరిత్ర చెప్పి విరమించినదానను. కిందటి సంవత్సరం మా వారితో కలిసి స్పెయిన్ దేశం వెళ్ళి, టొలేడో అనే పాత నగరాన్ని గైడు వెంట నడిచి చూసి వచ్చాను. దానిని గురించి వ్రాస్తాను. స్పెయిను గొడవ మనకెందుకమ్మా అని అడగదలచినవారు దయచేసి చివరి పేజీ వరకు ఆగి అప్పుడు అడగండి. నా తెలుగు యాభై ఎనిమిదవ యేట సాయంకాలపు తరగతిలో మొదలుపెట్టిన తెలుగు. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

బడిలో నేను పిల్లలకు స్పెయిన్ గురించి చెప్పినది రెండే ముక్కలు. 1492లో కొలంబసు బయలుదేరాడు, ఆ తరువాత ఓడల నిండా బంగారం, వెండి తెచ్చారు. పరీక్షలో అంతకంటె అడగరు కనుక నేనూ అంతకంటె చదవలేదు. అదే 1492లో ఆ దేశంలో ఇంకేమి జరిగిందో అరవై దాటాక, కాళ్ళు నొప్పి పుట్టేటట్లు ఆ రాళ్ళ వీధులు ఎక్కి దిగుతూ తెలుసుకొన్నాను.

టొలేడో మాడ్రిడ్ నగరానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. మేము ముప్ఫై మందిమి బస్సులో వెళ్ళాము. ఊరు ఒక రాతి గుట్ట మీద ఉన్నది. తాజో నది దానిని మూడు వైపుల చుట్టుకొని పారుతుంది. ముందు మమ్ములను నదికి అవతలి ఒడ్డున దింపి, అక్కడ నుంచి ఊరంతా ఒక్క చూపులో చూపించారు. అందరూ ఫోటోలు తీసుకొన్నారు. మా గైడు పొడుగాటి పెద్దమనిషి. చేతికర్రకు ఎర్ర గుడ్డ కట్టి, దానిని పైకెత్తి ముందు నడిచాడు. మేము బడి పిల్లల వలె వెనుక నడిచాము. జీవితమంతా పిల్లలను వరుసలో నడిపించిన నాకు ఆ రోజు వరుసలో చివర నడవడం కొత్తగా ఉన్నది.

రోమనుల తరువాత విసిగోతులు అనే రాజులకు ఈ ఊరు రాజధాని. 711లో అరబ్బు, బెర్బరు సైన్యాలు జిబ్రాల్టర్ దగ్గర సముద్రం దాటి వచ్చాయి. కొద్ది కాలంలోనే టొలేడో ముసల్మానుల చేతికి వచ్చింది. 1085లో ఆరవ అల్ఫోన్సో అనే క్రైస్తవ రాజు దానిని మళ్ళీ తీసుకొన్నాడు. ఈ మూడు వాక్యాలు చాలు. యుద్ధాల సంగతి గైడు చాలాసేపు చెప్పాడు గాని నా మనసు దాని మీద నిలువలేదు. నా కళ్ళు గోడల మీదికి వెళ్ళాయి.

మొదట చూసినది ఒక చిన్న మసీదు. మన సభ వంటగది కంటె పెద్దది కాదేమో. లోపల నాలుగు స్తంభాలు, పైకప్పు తొమ్మిది గళ్ళు. ఒక్కొక్క గడి గుమ్మటం ఒక్కొక్క విధంగా కట్టారు, ఏ రెండూ ఒకటిగా లేవు. తరువాతి కాలంలో దానిని చర్చిగా మార్చారు. ఇప్పుడు దాని పేరు క్రిస్తో దె లా లూస్. బయట గోడ మీద, పైన, ఇటుకలనే పేర్చి అక్షరాలు చేశారు. సున్నంతో వ్రాయలేదు, రాతిలో చెక్కలేదు. ఇటుకను అడ్డంగా, నిలువుగా పెట్టి అరబ్బీ మాటలు కట్టారు. అహ్మద్ ఇబ్న్ హదీదీ అనే ఆయన తన సొంత డబ్బుతో ఈ మసీదు కట్టించాడనీ, మూసా ఇబ్న్ అలీ అనే మేస్త్రి పని చేశాడనీ, హిజ్రీ 390లో పని ముగిసిందనీ అందులో ఉన్నది. అంటే మన లెక్కలో 999వ సంవత్సరం. మేస్త్రి పేరు కూడా వ్రాసినందుకు నాకు చాలా సంతోషమైంది.

గైడు ఆ వాక్యాన్ని గడగడ చెప్పి అర్థం వివరించాడు. నేను దగ్గరకు వెళ్ళి, "మీరు అరబ్బీ చదువుకొన్నారా?" అని అడిగాను. అతను నవ్వి, "లేదు మేడమ్, ఒక్క అక్షరం రాదు. ఇరవై ఏళ్ళ నుంచి చెప్పి చెప్పి నోటికి వచ్చింది" అన్నాడు. నాకు మా ఇంటి పూజలు జ్ఞాపకం వచ్చాయి. మా అవ్వ పాడిన రామభజనలను మేము ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసికొని, ఏ మాట ఎక్కడ విరుగుతుందో తెలియకుండా, ఎన్ని సంవత్సరాలు పాడలేదు!

1085లో రాజు మారినా అక్షరాలు వెంటనే మారలేదు. ఇది నాకు తెలియని సంగతి. ముసల్మాను రాజుల క్రింద మూడు వందల ఏండ్లకు పైగా బ్రతికిన క్రైస్తవులు ఆ ఊరిలో ఉన్నారు. వారిని మోజరబులు అంటారు. వారి దేవుడు ఏసు, మాట మాత్రం అరబ్బీ. క్రైస్తవ రాజ్యం వచ్చిన తరువాత కూడా ఇంచుమించు రెండు వందల సంవత్సరాలు వారు ఇల్లు అమ్మినా, ద్రాక్షతోట కొన్నా దస్తావేజు అరబ్బీలోనే వ్రాసికొన్నారు. అటువంటి కాగితాలు వెయ్యికి పైగా నిలిచాయి. భాష పాలకుని వెంట పోదు, అవసరం ఉన్నంత కాలం నిలుస్తుంది అని నాకు అనిపించింది. మన వాళ్ళు చెరకు తోటల బారకాసులలో ఉన్నంత కాలం తెలుగు నిలిచింది. బడి, ఉద్యోగం వచ్చాక పోయింది. అందుకు ఎవరినీ తప్పు పట్టలేను. నేను కూడా ఇంగ్లీషులోనే పాఠం చెప్పి జీతం తీసుకొన్నదానను.

ఆ ఊరి గొప్పతనం కూడా ఈ రెండు మూడు భాషల నడుమనే పుట్టింది. పన్నెండవ శతాబ్దంలో గెరార్డ్ అనే ఆయన ఇటలీలోని క్రెమోనా నుంచి టొలేడోకు వచ్చాడు. టోలెమీ వ్రాసిన ఖగోళ గ్రంథం లాటిన్‌లో దొరకక, అరబ్బీలో ఉన్నదని విని వచ్చాడట. వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదు. అరబ్బీ నేర్చుకొని డెబ్బయి పుస్తకాలు లాటిన్‌లోకి మార్చాడు. 1187లో చనిపోయిన తరువాత శిష్యులు ఆ పుస్తకాల జాబితా వ్రాసి పెట్టారు. గణితం, వైద్యం, నక్షత్ర శాస్త్రం ఐరోపా పాఠశాలలకు చేరిన పెద్ద దారులలో ఇది ఒకటి.

కొందరు ఈ పని ఇద్దరిద్దరుగా చేశారు. ఒకరు అరబ్బీ పుస్తకం చూసి ఊరి వాడుక భాషలో పైకి చెప్పేవారు. రెండవవారు అది విని లాటిన్‌లో వ్రాసేవారు. చెప్పేవాడు యూదుడు, వ్రాసేవాడు క్రైస్తవ గురువు, పుస్తకం వ్రాసినవాడు ముసల్మాను. ఒక బల్ల దగ్గర ముగ్గురు, అందులో ఒకరు ఎప్పుడో చనిపోయినవారు. ఈ పద్ధతిని కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ మన దేశం ప్రసక్తి కూడా ఉన్నది. సాయిద్ అల్ అందలుసీ అనే ఆయన టొలేడోలో ముసల్మాను రాజ్యం చివరి కాలంలో న్యాయాధిపతి. 1068లో జాతులను గురించి ఒక పుస్తకం వ్రాశాడు. విజ్ఞానాన్ని పెంచిన జాతులు ఎనిమిది అని లెక్క వేసి, అందులో మొదటి జాతిగా హిందూదేశం వారిని చెప్పాడు. మీ దేశం మాకు చాలా దూరం కాబట్టి మీ పుస్తకాలు మాకు కొద్దిగానే చేరాయి అని విచారపడినట్లు కూడా వ్రాశాడు. మన అంకెలను మెచ్చుకొన్నాడు. ఆ అంకెలు ఐరోపాలో కనబడే అతి పాత పుస్తకాలలో ఒకటి స్పెయిన్ ఉత్తర భాగంలో ఒక క్రైస్తవ మఠంలో 976లో వ్రాసినది. అందులో తొమ్మిది అంకెలు ఉన్నవి, సున్న లేదు. సున్న దారిలో ఆలస్యమైంది.

ఇంకొకటి చెప్తాను. 1221లో టొలేడోలో పుట్టిన పదవ అల్ఫోన్సో, ఇంకా యువరాజుగా ఉన్న రోజులలో, 1251 ప్రాంతంలో ఒక కథల పుస్తకాన్ని అరబ్బీ నుంచి స్పానిషులోకి వ్రాయించాడు. దాని పేరు కలీలా, దిమ్నా. ఇవి రెండు నక్కల పేర్లు. మన కరటక దమనకులే! మన పంచతంత్రం ఆరవ శతాబ్దంలో పారశీకుల పహ్లవీ భాషకు, ఎనిమిదవ శతాబ్దంలో అరబ్బీకి, అక్కడ నుంచి స్పెయినుకు చేరింది. ఆ కథలే చిన్నయసూరి గారు 1853లో నీతిచంద్రిక పేరుతో తెలుగు చేశారు. మా సాయంకాలపు తరగతిలో రెండవ సంవత్సరం వారు ఆ పుస్తకం తెరిచి, మొదటి పేజీలోనే భయపడి మూసిన సంగతి నాకు తెలుసు. వారిలో నేనూ ఒకతెను. స్పెయిన్ యువరాజుకు అర్థమైన నక్కలు నాకు అర్థం కాలేదు.

తరువాత పెద్ద చర్చికి తీసుకొని వెళ్ళారు. 1226 ప్రాంతంలో మొదలుపెట్టి రెండున్నర శతాబ్దాలు కట్టారు. బంగారం, రంగు అద్దాలు, చెక్క పని, ఎంత చూసినా తరగదు. మా వారు అక్కడ బల్ల మీద కూర్చొని కళ్ళు మూసికొన్నారు. నేను వెళ్ళి చూసినది ఒక ప్రక్క గది. అక్కడ మోజరబుల పాత పద్ధతిలో ఇప్పటికీ పూజ జరుగుతుంది. ఆ పద్ధతి అంతరించిపోకుండా ఆ గదిని ఏర్పాటు చేసి, పుస్తకాలు అచ్చు వేయించినవాడు సిస్నెరోస్ అనే ప్రధాన గురువు. ఇది 1500 ప్రాంతం. సరిగ్గా ఆ రోజులలోనే ఇదే సిస్నెరోస్ గ్రెనడా నగరం వెళ్ళి, అక్కడి ముసల్మానుల అరబ్బీ పుస్తకాలను నడిబజారులో కుప్ప వేయించి తగలబెట్టించాడు. వైద్య గ్రంథాలను మాత్రం ఏరి దాచాడు. ఒక చేతితో ఒక పాత పద్ధతిని కాపాడి, రెండవ చేతితో ఇంకొకరి పుస్తకాలకు నిప్పు పెట్టిన మనిషిని ఎట్లా అర్థం చేసికోవాలో నాకు తెలియలేదు. మనది కాబట్టి కాపాడాలి అనే మాట చెప్పేటప్పుడు నేను ఆయనను తలచుకొంటాను.

1567 జనవరి 1న గ్రెనడాలో రాజు రెండవ ఫిలిప్ ఆజ్ఞ చాటారు. అరబ్బు సంతతివారు మూడు సంవత్సరాలలో స్పానిషు నేర్చుకోవాలి. ఆ పైన అరబ్బీ మాట్లాడరాదు, చదవరాదు, వ్రాయరాదు, బజారులోనే కాదు, ఇంటి లోపల కూడా. వారు తిరగబడ్డారు, ఓడిపోయారు. 1570 తరువాత వారిని ఊళ్ళు విడిపించి దేశమంతటా చెదరగొట్టారు. కొందరు టొలేడోకు చేరారు. ఇక ఇతర ప్రాంతాలలో అప్పటికే అరబ్బీ మాట మరచిపోయిన ముసల్మానులు ఒక పని చేశారు. మాట్లాడేది స్పానిషు, వ్రాసేది మాత్రం అరబ్బీ అక్షరాలలో. మాట పోయినా అక్షరాన్ని పట్టుకొన్నారు. 1884లో అరగాన్ ప్రాంతంలో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే, నేల క్రింద మరొక నేల చేసి దాచిన ఇటువంటి పుస్తకాల గుట్ట బయటపడింది. మనము చేసినది దానికి సరిగ్గా తలక్రిందులు. మాట తెలుగు, అక్షరం ఇంగ్లీషు. ఏది ఎక్కువ కాలం నిలుస్తుందో ఆలోచించవలసిన సంగతి.

చర్చి నుంచి బయటకు వచ్చాక గైడు ఒక సందు దగ్గర ఆగి, ఇక్కడికి దగ్గరలోనే అల్కనా బజారు ఉండేది అని చెప్పాడు. సెర్వాంటెస్ 1605లో అచ్చు వేసిన డాన్ కిహోటే నవలలో ఆ బజారు వస్తుంది. కథ చెప్పేవాడు అక్కడ నిలబడి ఉండగా ఒక కుర్రవాడు పాత కాగితాలు పట్టు వర్తకునికి అమ్మడానికి తెస్తాడు. చూస్తే అరబ్బీ అక్షరాలు. అవి అరబ్బీ అని గుర్తుపట్టగలడు గాని చదవలేడు. వెంటనే వీధిలో వెదికితే చదవగలిగే మోరిస్కో ఒకడు, అనగా బలవంతంగా మతం మార్చబడిన అరబ్బు సంతతివాడు, సులభంగా దొరుకుతాడు. అతనికి ఎండుద్రాక్షలు, గోధుమలు కూలిగా ఇచ్చి, ఇంటిలో పెట్టుకొని, నెలన్నరలో అంతా స్పానిషులోకి వ్రాయించుకొంటాడు. మిగిలిన నవల ఆ కాగితాలలో ఉన్న కథే అని కల్పన. ఇది తమాషాగా వ్రాసినదే. కాని ఆ పుస్తకం అచ్చయిన నాలుగేళ్ళకు, 1609లో, మోరిస్కోలందరినీ దేశం నుంచి వెళ్ళగొట్టడం మొదలుపెట్టారు. 1614 నాటికి ఆ పని ముగిసింది. ఆ తరువాత ఆ బజారులో ఎంత ఎండుద్రాక్ష ఇచ్చినా చదివేవాడు దొరకడు.

గైడు ముందుకు నడిచిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా తాత 1908లో మద్రాసు ఓడలో వచ్చాడు. కాగితంలో జిల్లా నార్త్ ఆర్కాట్ అని ఉన్నది. ఊరి పేరు మూడు విధాలుగా వ్రాశారు, మూడూ ఒక ఊరు కావు. ఆయన ట్రంకు పెట్టెలో ఒక పుస్తకం ఉండేది. చేతి వ్రాత, అట్ట చిరిగిపోయినది. తాత పోయాక అవ్వ దానిని పూజ గూటిలో పెట్టింది. అది రామాయణం అని మా అందరికీ చెప్పింది. అవ్వకు చదువు రాదు. నాకు ఐదేళ్ళప్పుడు గ్రూప్ ఏరియాస్ చట్టం క్రింద మా ఇల్లు ఖాళీ చేయించారు. కేటో మేనర్ నుంచి చాట్స్‌వర్త్‌కు లారీలో సామాను తెచ్చుకొన్నాము. మంచం ఒకటి పోయింది, రోలు వదిలిపెట్టాము, ఆ పుస్తకం మాత్రం అవ్వ ఒడిలో పెట్టుకొని వచ్చింది. ప్రతి సరస్వతీ పూజకు దానికి పసుపు, కుంకుమ పెట్టి, పూలు పెట్టి, పరీక్షల ముందు మేము దండం పెట్టేవారము. నేను పంతులమ్మను అయినది ఆ పుస్తకం దయ వల్లనే అని అవ్వ చివరి వరకు నమ్మింది.

తెలుగు తరగతిలో చేరిన రెండవ సంవత్సరం ధైర్యం చేసి దానిని తెరిచాను. ఒక్క అక్షరం అర్థం కాలేదు. పాఠ్యపుస్తకంలోని అక్షరాలు వేరు, ఇవి వేరు. చేయి ఎత్తకుండా ఒకదానికి ఒకటి తగిలించి వ్రాసినవి. దానిని గొలుసుకట్టు వ్రాత అంటారని తరువాత తెలిసింది. అంకెలు కూడా తెలుగు అంకెలే. ఆంధ్ర నుంచి కూతురి ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన ఆ వ్రాత చదవగలరని తెలిసి, బ్రతిమాలి రమ్మన్నాము. ఆరు ఆదివారాలు వచ్చారు. ఆయన చదివి మామూలు తెలుగులో చెప్పేవారు, నేను విని ఇంగ్లీషులో వ్రాసేదానను. టొలేడోలో ఎనిమిది వందల ఏండ్ల క్రిందట చేసిన పని అదే అని అప్పుడు నాకు తెలియదు.

మొదటి పేజీ పైన శ్రీరామ అని ఉన్నది. అంతవరకు అవ్వ చెప్పినది నిజమే. ఆ క్రింద అంతా లెక్కలు. ఎవరికి ఎంత ఇచ్చినది, ఎవరి దగ్గర ఎంత తెచ్చినది. బియ్యం, చింతపండు, పంచె, పెళ్ళి ఖర్చు, చావు ఖర్చు. ఒక చోట పన్ను మూడు పౌన్లు అని వ్రాసి, ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో నలుగురి పేర్లు వ్రాశాడు. గిర్మిట్టు ముగిసిన తరువాత తిరిగి వెళ్ళకుండా ఉన్నవారు సంవత్సరానికి మూడు పౌన్లు కట్టాలనే పన్ను అది. 1914లో రద్దయింది. గిర్మిట్టు చివరి సంవత్సరం నెల జీతం 14 షిల్లింగులు. మూడు పౌన్లు అంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతం కంటె ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు ఆ పన్ను గురించి పిల్లలకు పాఠం చెప్పాను. మా పూజ గూటిలోనే దాని చిట్టా ఉన్నదని నాకు తెలియదు.

మా చెల్లెలు నవ్వి, ఇన్నాళ్ళు అప్పుల పుస్తకానికి దండం పెట్టామా అన్నది. పెట్టాము. ఇప్పటికీ పెడుతున్నాను.

సరే, గైడు ఎర్ర గుడ్డ మూల తిరగకముందే పరుగున వెళ్ళి కలిశాను. సాంతో తోమే చర్చిలో ఒక గోడ నిండా ఒకే చిత్రం. ఒక ప్రభువును సమాధి చేస్తుంటే స్వర్గం నుంచి ఇద్దరు మహాత్ములు దిగి వచ్చి శవాన్ని చేతులతో ఎత్తుకొనే దృశ్యం. 1586 నుంచి 1588 వరకు వేశాడు. వేసినవాడిని లోకమంతా ఎల్ గ్రెకో అంటారు. ఆ మాటకు గ్రీకువాడు అని మాత్రమే అర్థం. అసలు పేరు డొమెనికోస్ థియోటోకోపులోస్. 1541లో క్రీట్ దీవిలో పుట్టి, వెనిస్, రోము తిరిగి, 1577లో టొలేడోకు వచ్చి, 1614లో అక్కడే చనిపోయాడు. పేరు నోరు తిరగక ఊరివాళ్ళు గ్రీకువాడు అని పిలిచారు. మన తాతలను తెల్లవారు అందరినీ సామీ అని పిలిచినట్లే. ఒకే మాటలో అందరి పని అయిపోతుంది.

ఆ చిత్రంలో ముందు వైపు ఒక చిన్న బాలుడు ఉన్నాడు. చిత్రకారుని కొడుకే అంటారు. వాని జేబులో నుంచి తెల్ల రుమాలు కొద్దిగా బయటకు కనబడుతుంది. ఆ రుమాలు మీద చిత్రకారుని సంతకం ఉన్నది. అది గ్రీకు అక్షరాలలో. ప్రక్కన 1578 అని, కొడుకు పుట్టిన సంవత్సరం. మిగతా చిత్రాల మీద కూడా ఆయన గ్రీకు అక్షరాలలోనే సంతకం పెట్టేవాడనీ, కొన్నిటి మీద క్రీటు వాడను అని కూడా వ్రాశాడనీ గైడు చెప్పాడు. 37 సంవత్సరాలు ఆ ఊరిలో బ్రతికాడు. ఆ సంతకం చదవగలిగినవారు ఊరిలో ఎంతమంది ఉండి ఉంటారు? అయినా మానలేదు.

మా తాత కాగితం మీద ఉన్నది వేలిముద్ర. వీధిబడిలో గొలుసుకట్టు నేర్చుకొని, పుస్తకం నిండా లెక్కలు వ్రాసిన మనిషి వేలిముద్ర వేశాడు. నీకు వ్రాయడం వచ్చునా అని బల్ల అవతల కూర్చొన్నవారు అడిగి ఉండరు. ఆ చిత్రం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా వారు, పద, భోజనానికి ఆలస్యమవుతుంది అన్నారు.

భోజనం తరువాత యూదుల పేటకు వెళ్ళాము. అక్కడ రెండు పాత ప్రార్థనాలయాలు మిగిలాయి. ఒకటి తెల్లని స్తంభాలు, గుర్రపు నాడా వంటి కమానులతో చూడ ముచ్చటగా ఉన్నది. చర్చిగా మార్చి సాంతా మరియా లా బ్లాంకా అని పేరు పెట్టారు. రెండవది ఎల్ త్రాన్సితో. దీనిని 1357 ప్రాంతంలో పేద్రో రాజు కోశాధికారి సామ్యూల్ హా లెవీ అనే యూదుడు కట్టించాడు. పొడుగైన గది, చెక్క కప్పు, గోడల పై భాగమంతా సన్నని గచ్చు పని. ఆ గచ్చులో చుట్టూ హీబ్రూ అక్షరాలలో కీర్తనలు. తీగల నడుమ అరబ్బీ మాటలు కూడా ఉన్నవి. యూదుడు తన గుడిలో అరబ్బీ వ్రాయించాడు, రాజు క్రైస్తవుడు. ఇంత చేసిన సామ్యూల్‌ను ఆ రాజే తరువాత పట్టించి చెరలో హింస పెట్టించాడు. అక్కడే చనిపోయాడు.

1391లో ఆ పేట మీద పడి చాలామందిని చంపారు. 1492 మార్చి 31న ఫెర్డినాండు రాజు, ఇసబెల్లా రాణి ఆజ్ఞ మీద సంతకం చేశారు. మతం మార్చుకోని యూదులు జులై నెలాఖరులోగా దేశం విడవాలి. నాలుగు నెలలు! బంగారం, వెండి, నాణెములు తీసుకొని పోరాదు. కొలంబసు ఓడలు ఆగస్టులో బయలుదేరాయి. నేను పిల్లలకు ఓడల సంగతే చెప్పాను.

వెళ్ళినవారు ఎక్కువ మంది చివరకు టర్కీ సుల్తాను రాజ్యంలో స్థిరపడ్డారు. సలోనికా, ఇస్తాంబుల్, ఇజ్మీర్. తమను వెళ్ళగొట్టిన దేశపు భాషనే ఇంటిలో మాట్లాడుకొన్నారు. హీబ్రూ అక్షరాలలో స్పానిషు వ్రాసికొన్నారు. సామెతలు, జోలపాటలు, వంటల పేర్లు అన్నీ స్పానిషులోనే, నాలుగు వందల సంవత్సరాలు! ఆ భాషలో వార్తాపత్రికలు కూడా నడిచాయి. మనకు నాలుగు తరాలు కాలేదు. దీనికి కారణం ఏమని గైడును అడిగాను. వారు పేటలు పేటలుగా కలిసి ఉన్నారు, ప్రార్థన, బడి, పెళ్ళి అంతా వాళ్ళలో వాళ్ళే అన్నాడు. మనమూ కలిసే ఉన్నాము కదా, పైగా చట్టమే మనలను ఒక చోట పెట్టింది కదా అనుకొన్నాను. కాని తమిళులు, తెలుగువారు, హిందీవారు అందరినీ ఒక చోట పెట్టింది, అందరికీ నడుమ ఇంగ్లీషు అవసరమైంది. బహుశా అదే కావచ్చు. సలోనికాలోని ఆ స్పానిషు మాటకు అంతం వేరు విధంగా వచ్చింది. 1943లో జర్మను నాజీలు అక్కడి యూదులను, నలభై వేలకు పైగా, రైళ్ళలో పోలండుకు పంపి చంపారు.

త్రాన్సితో ఇప్పుడు ఆ యూదుల మ్యూజియం. 2015లో స్పెయిన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. 1492లో వెళ్ళగొట్టబడినవారి సంతతి అని రుజువు చూపితే పౌరసత్వం ఇస్తామన్నది. 2019 అక్టోబరు 1న గడువు ముగిసింది. వంశం రుజువు చేయడమే కాక స్పానిషు భాషలో పరీక్ష కూడా వ్రాయాలన్నారు. మనవారు ఓ.సి.ఐ. కార్డు కోసం తాతగారి ఓడ పేరు, నంబరు వెదుకుతూ తిరిగిన రోజులు నాకు జ్ఞాపకం వచ్చాయి. ఆ కార్డుకు తెలుగు పరీక్ష పెట్టలేదు, మన అదృష్టం. పెట్టి ఉంటే సభ సభ్యులలో పాస్ అయ్యేవారిని నేను ఒక చేతి వ్రేళ్ళ మీద లెక్కపెట్టగలను.

గోడ మీది హీబ్రూ వరుస క్రింద ఒక అమ్మాయి, పది పన్నెండేళ్ళది, తండ్రి చేయి పట్టుకొని, తల పైకెత్తి ఒక్కొక్క మాట కూడబలుక్కొని చదువుతున్నది. ఎక్కడ నుంచి వచ్చారో అడగలేదు. తండ్రి తప్పు దిద్దుతూ ఉన్నాడు. ఆమె ఒక వరుస పూర్తి చేసేవరకు మా గైడు కూడా మాట్లాడకుండా ఆగాడు.

సాయంత్రం బస్సులో అందరూ బాదంపప్పు, చక్కెరతో చేసిన ఆ ఊరి మిఠాయి పొట్లాలు విప్పుకొని తిన్నారు. నల్ల ఉక్కు మీద బంగారు తీగ పొదిగిన పళ్ళెం ఒకటి మా వారు కొన్నారు, ధర చెప్పను. నేను ఏమీ కొనలేదు.

ఇప్పుడు అసలు మనవి. ఆ పెద్దాయన ఆరు ఆదివారాల తరువాత ఆంధ్రకు తిరిగి వెళ్ళిపోయారు. తాత పుస్తకంలో చివరి నాలుగు పేజీలు మిగిలిపోయాయి. ఆ పేజీలలో అంకెలు లేవు. వరుసలు అంచు నుంచి అంచు వరకు నిండుగా ఉన్నవి. లెక్కలు కావు. నేను కూడబలుక్కొని పైన ఉన్న ఒక్క మాట చదవగలిగాను. అమ్మకు అని ఉన్నది. మిగిలినది రాలేదు. పండుగ రోజున ఆ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి తెస్తాను. పుస్తకాల బల్ల దగ్గర ఉంటాను. గొలుసుకట్టు చదవగలిగిన పెద్దలు మీ ఇంటిలో ఎవరైనా ఉంటే, నడవలేకపోయినా సరే, దయచేసి కారులో తీసుకొని రండి. ఎండుద్రాక్షలు నేను తెస్తాను.